కాలర్ లోపలి గుర్తు

ఆయన చొక్కా కాలర్ మీద ముడత ఉంది.

పోయిన నెల ఆక్లాండ్ శ్మశానవాటిక హాల్లో, పెట్టెలో పడుకోబెట్టిన ఆ మనిషిని చూడగానే నాకు ముందు కనబడింది అదే. తెల్ల చొక్కా, కొత్తది. ఎవరో షాపు నుంచి తెచ్చి, ప్యాకెట్ విప్పి, అలాగే తొడిగేశారు. అట్ట చుట్టూ మడిచిన గీతలు ఛాతీ మీద అడ్డంగా, నిలువుగా కనబడుతున్నాయి. కాలర్ కుడి కొస పైకి లేచి ఉంది. బతికి ఉండగా ఆయన ఒంటి మీద అలాంటి చొక్కాను నేనెప్పుడూ చూడలేదు. పక్కన వాళ్ళమ్మాయి ఏడుస్తోంది. చెయ్యి చాచి ఆ కొస సరిచేద్దామా అని నేను చాలాసేపు నిలబడి, చివరికి చెయ్యకుండానే వచ్చేశాను. ఆయన బట్టల మీద చెయ్యి వేసే అర్హత నాకు ఎప్పుడో పోయింది. ఎలా పోయిందో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఆయన మా ఫుట్‌బాల్ క్లబ్‌లో బట్టలు ఉతికేవాడు. క్లబ్ అనగానే పెద్ద వైభవం ఊహించుకోకండి. ఆక్లాండ్ ఉత్తరపు కొసన ఆల్బనీలో మూడు గదుల ఆఫీసు, వెనక ప్రాక్టీసు మైదానం, జీతానికి ఆడే ఇరవై ముగ్గురు ఆటగాళ్ళు, అంతే. ఇప్పుడు అదీ లేదు. నేను తెనాలి నుంచి చదువుకోవడానికి వచ్చి, ఆ పక్క క్యాంపస్‌లోనే డిగ్రీ పూర్తిచేసి, అక్కడ ఉద్యోగంలో చేరాను. విమానం టికెట్లు, హోటల్ గదులు, ఎవరి జెర్సీ ఏ సైజు, ఎవరి పాస్‌పోర్ట్ ఎప్పుడు ముగుస్తుంది, ఇవీ నా పనులు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో చేరిన ఏడాదికి గాని నా బుర్రకెక్కలేదు. ఆయనకైతే చివరిదాకా ఎక్కలేదు. అయినా ఆ సీజన్‌లో ఏ ఆదివారం ఏం జరగబోతోందో మా కోచ్ కంటే ముందు ఆయనకే తెలిసేది.

కరీంనగర్ వైపు మనిషి. తాతా తండ్రీ ఊరి బట్టలు ఉతికినవాళ్ళు. ఈయన గల్ఫ్ హోటళ్ళ లాండ్రీల్లో చాలాకాలం చేసి, ఆక్లాండ్‌లోనే ఇంకో మూల బోటనీ డౌన్స్‌లో ఉన్న కూతురి దగ్గరికి వచ్చి, ఇంట్లో కూర్చోలేక ఈ పనిలో చేరాడు. పొద్దున్నే చీకటితో లేచి మూడు బస్సులు మారి వచ్చేవాడు. డ్రెస్సింగ్ రూము వెనక ఆయన గది. రెండు పెద్ద మెషీన్లు, ఒక డ్రైయరు ఉండేవి. డ్రైయరంటే ఆయనకు పడదు. షెడ్డు వెనక తాడు కట్టి ఎండలోనే ఆరేసేవాడు. ఆక్లాండ్‌లో రోజుకి నాలుగుసార్లు వాన పడుతుంది కదా, ప్రతిసారీ మొదటి చినుకుకి ముందే బట్టలు లోపల ఉండేవి. కొన్నాళ్ళకి మైదానం చూసుకునే న్యూజీలాండ్ మనిషి కూడా ఫోన్‌లో వాతావరణం చూడటం మానేసి ఆ తాడు వైపు చూసేవాడు.

రోజూ నా గుమ్మం ముందు నుంచి బట్టల బండి తోసుకుంటూ వెళ్తూ ఒకటే మాట అడిగేవాడు. ‘‘తిన్నవా బిడ్డా?’’ తిన్నానంటే తలూపి వెళ్ళేవాడు. తినలేదంటే బండి ఆపి, ఎందుకు తినలేదో తేలేదాకా కదిలేవాడు కాదు. క్లబ్‌లో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. అంకుల్ అని పిలిచేదాన్ని. నేను పిలవడం విని ఆటగాళ్ళు కూడా అంకుల్ అనడం మొదలుపెట్టారు.

మెషీన్లో వేసేముందు ప్రతి బట్టనీ రెండు చేతులా ఎత్తి, వెలుతురుకి పట్టి, వాసన చూసేవాడు. మొదట్లో ఆటగాళ్ళు నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. ఇంకో అలవాటు, గుర్తు వేయడం. ఊళ్ళో అయితే నల్లజీడి గింజ రసంతో ఇంటికో గుర్తు పెట్టేవాళ్ళట, అది బట్ట చిరిగినా పోదట. ఇక్కడ జీడిగింజ ఎక్కడ దొరుకుతుంది? అందుకని సూదీ దారంతో కాలర్ లోపలివైపు కుట్టేవాడు. జెర్సీ మీద ఇంతింత అంకెలుండగా ఈ గుర్తులెందుకని నేను ఆటపట్టిస్తే, అంకె వచ్చే ఏడు ఇంకొకడికి ఇస్తరు, గుర్తు ఎవరికీ ఇయ్యరు అన్నాడు. ఒకసారి నా తెల్ల జాకెట్ మీద కాఫీ ఒలికింది. రెండు రోజులుంచుకుని మచ్చ లేకుండా తెచ్చిచ్చాడు. కాలర్ లోపల రెండు చుక్కలు, కింద అడ్డగీత ఉన్నాయి. ‘‘గిది నీది. నేనున్నన్ని దినాలు ఇంకెవలకు పెట్ట’’ అన్నాడు. నాకు ఏదో బిరుదు ఇచ్చినంత సంబరమైంది.

ఆ సీజన్‌లో మొదటి రెండు ఆటలూ గెలిచాం. ఆల్బనీ మాల్‌లో మావాళ్ళ బొమ్మలు పెట్టారు. చైర్మన్ నా పేరు కూడా తప్పు లేకుండా పలికాడు. మూడోది ఓడిపోయాం. నాలుగోదీ, అయిదోదీ అంతే. ఆరో ఆటకు ముందు గురువారం ఆయన ప్రాక్టీసు నిక్కర్లు మడతపెడుతూ, ఈ ఆదివారం కూడా ఇంతే అన్నాడు. ఎలా తెలుసని అడిగితే నిక్కర్లు చూపించాడు. తుంటి మీద మట్టి లేదు. గెలిచినప్పుడు రెండువైపులా గడ్డి మరకలు రుద్దలేక చచ్చేవాడట. పడితేనే కదా మరక. వీళ్ళు పడటం మానేశారు. ఒకణ్ణొకడు నమ్మనప్పుడు ఎవడూ నేల మీద పడడని ఆయన లెక్క. ఆదివారం మూడు గోల్స్ తేడాతో పోయింది.

కోచ్ సంగతీ అలాగే చెప్పాడు. పనిలోంచి తీసేస్తున్నట్టు కోచ్‌కే తెలియని రోజుల్లో, ఈయన పోతాడని నాతో అన్నాడు. కోచ్ తన చలికాలపు కోట్లు కూడా తెచ్చి ఉతకమని ఇచ్చాడట. పోయేముందే మనిషి బట్టలన్నీ ఒక్కచోటికి తెచ్చుకుంటాడట, పోతానని తనకు తెలియకపోయినా సరే. తర్వాతి సోమవారం కోచ్ ఉద్యోగం పోయింది. నాకు నవ్వు వచ్చింది, ఒళ్ళు కూడా జలదరించింది. అప్పటినుంచి ఆయన బండి చప్పుడు వినబడితే ఈసారి ఏం చెప్తాడోనని భయమేసేది.

అయితే ఒకటి. ఇవన్నీ అందరి బట్టల సంగతులు. ఒక్క మనిషి బట్ట చెప్పింది ఏదీ ఆయన నోటి నుంచి వచ్చేది కాదు. పెళ్ళాంతో విడిపోయిందెవరో, తాగి వస్తున్నదెవరో ఆయనకు తెలియకుండా ఉండదు. అడిగితే, బట్టలో ఏం కనబడ్డా ఎవరికీ చెప్పొద్దని నాయిన చేతిలో చెయ్యి వేయించుకున్నాడని చెప్పేవాడు. ఊరు తన మురికినంతా తెచ్చి చేతిలో పెడుతుంది, ఆ నమ్మకం మీదే తిండి అన్నాడు.

మా గోల్‌కీపర్‌ది టౌరంగా అనే ఊరు. వాళ్ళ నాన్న కివీ పండ్ల తోటల్లో పనిచేసేవాడు. ముప్ఫైకి దగ్గర పడ్డాడు, మూడేళ్ళ కూతురుంది, ఒప్పందం ఆ సీజన్‌తో ముగుస్తుంది. అంకుల్ దగ్గర ‘బాగున్నవా’ అన్న ఒక్కమాట నేర్చుకుని, పొద్దునా సాయంత్రం అదే అనేవాడు. చివరి నెలలో ఆస్ట్రేలియాలో ఆడుతూ ఎగిరి బంతి పట్టబోయి గోల్‌పోస్ట్‌కి తల కొట్టుకున్నాడు. లేచి నవ్వాడు. వారం తర్వాత డాక్టరు అడిగిన ప్రశ్నలన్నిటికీ సరిగ్గా జవాబు చెప్పాడు. మళ్ళీ ఆడాడు. రెండో కీపర్ వేలు విరిగి ఉంది. ఇక మిగిలింది మీసమైనా రాని కుర్రాడు. అందుకని ఇంకో ప్రశ్న ఎవరూ అడగలేదు.

సీజన్ చివరి ఆటకి ముందు గురువారం. ఆ పొద్దున్నే మేనేజరు మమ్మల్ని కూర్చోబెట్టి, ఆదివారం కూడా ఓడితే పట్టికలో అట్టడుగున ఉంటాం, స్పాన్సరు వెళ్ళిపోతాడు, ఆఫీసులో ఎవరుంటారో తాను చెప్పలేడు అన్నాడు. ఆదివారం దాకా ఒక్క చెడ్డవార్త కూడా తన చెవిన పడకూడదన్నాడు. ఈ దేశంలోనే ఉండిపోవడానికి నేను పెట్టుకున్న రెసిడెన్స్ దరఖాస్తు అప్పుడు ఇమిగ్రేషన్ ఆఫీసులో ఉంది. దానికి ఆధారం ఈ ఉద్యోగమే. ఉద్యోగం పోతే ఇన్నేళ్ళ కష్టమూ పోయి పెట్టె సర్దుకోవాలి. ఆ రోజు నేను పొద్దున తినలేదు, మధ్యాహ్నమూ తినలేదు.

ఆయన బండి లేకుండా వచ్చాడు. తిన్నవా అని అడగలేదు. తలుపు వేసి, సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి నా టేబుల్ మీద పెట్టాడు. లోపల ముదురాకుపచ్చ జెర్సీ, గోల్‌కీపర్‌ది. కాలర్ తిప్పి గుర్తు చూపించాడు, మూడు చుక్కలు, నిలువు గీత.

‘‘ఇది ఉతకలే బిడ్డా’’ అన్నాడు.

ఉతకకుండా పక్కన పెట్టిన బట్టను ఆయన చేతిలో చూడటం అదే మొదటిసారి. ముందువైపు తడిసి ఆరిన మరక ఉంది. డ్రెస్సింగ్ రూములో చేతులు కడుక్కునే సబ్బు వాసన వచ్చింది. ఇది నాలుగోసారి అన్నాడు. ప్రాక్టీసు అయ్యాక ఆ అబ్బాయి ఎవరూ లేనప్పుడు జెర్సీ ముందుభాగం బేసిన్లో కడిగి బుట్టలో వేస్తున్నాడట. పైపైన కడిగాడు గాని కాలర్ మడతలో పులిసిన వాసన పోలేదు. వాంతి. తలకి దెబ్బ తగిలినప్పటినుంచి పరుగెత్తినప్పుడల్లా వాంతి చేసుకుంటున్నాడు.

తర్వాత ఆయన చెప్పింది వాళ్ళ ఊరి సంగతి. ఒక పంతులుగారింట్లో తువ్వాళ్ళు కొన్నాళ్ళు ముందే కడిగి పడేసేవాళ్ళు. వాళ్ళ నాయిన ఆ తడి తువ్వాలు చూసి, దులిపి, ఏమీ మాట్లాడకుండా మూటలో వేసుకున్నాడు. పంతులు రక్తం కక్కుతున్నాడని ఊరికి తెలిసేసరికి ఇంట్లో ఇద్దరు పిల్లలకి అంటుకుంది. ముగ్గురినీ క్షయ ఆసుపత్రికి తీసుకుపోయిన రోజున వాళ్ళ నాయిన బట్టలుతికే రేవుకి వెళ్ళలేదట.

‘‘చాకలోనికి ఇచ్చే బట్టను ఎవలన్న ముందుగాల కడుగుతరా బిడ్డా? కడిగిన్రంటే ఆ ఇంట్ల చావు దాగున్నట్టే. నాకు ఇంగ్లీషు చాలది. ముసలోడు వాసన జూసి చెప్తుండు అని నవ్వుతరు. నువ్వు డాక్టర్‌కు చెప్పు. గిది చూపియ్. ఆదివారం ఆ పిల్లగాన్ని ఆడనియ్యద్దు.’’

నేను ఆ కవరు వైపు చూస్తున్నాను. నాకు అబ్బాయి కనబడలేదు. మేనేజరు మొహం కనబడింది, ఇమిగ్రేషన్ వాళ్ళ ఉత్తరం కనబడింది. ఇప్పుడు ఈ మాట చెప్తే కీపర్ లేడు, ఆట లేదు, చెడ్డవార్త మోసుకొచ్చిన మనిషిని నేను. ఇంకా మూడు రోజులే కదా అనుకున్నాను. ఇన్ని రోజులు ఆడినవాడు ఒక్క ఆట ఆడలేడా అనుకున్నాను. ఇవన్నీ నేను నిజంగా అనుకున్నాను, దాచను.

‘‘సోమవారం చెప్తానంకుల్. తప్పకుండా చెప్తాను’’ అన్నాను.

‘‘సోమారమా?’’ అన్నాడు.

అంతే. నా మొహంలోకి కాసేపు చూశాడు, ఒక బట్టను వెలుతురుకి పట్టి చూసేటప్పటి చూపు అది. తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. కవరు నా దగ్గరే వదిలేశాడు. కింది సొరుగులో పెట్టి తాళం వేశాను. శుక్ర, శనివారాల్లో ఆ సొరుగుకి నా కాలు తగలకుండా కూర్చున్నాను.

ఆదివారం సాయంత్రం ఆట. పడమటి గాలి గట్టిగా కొడుతోంది, మైదానం మీద మబ్బుల నీడలు పరుగెడుతున్నాయి. స్టాండ్లో మూడొంతులు ఖాళీ కుర్చీలే. ఆయన ఎప్పుడూ ఆట చూడటానికి బయటికి రాడు. ఆ రోజు తువ్వాళ్ళ దొంతర చేతిలో పెట్టుకుని, గోల్ వెనక గోడ దగ్గర నిలబడ్డాడు. నేను కనబడితే చెయ్యి ఊపుతాడనుకున్నాను. ఊపలేదు.

సగం ఆట దాకా గోల్ పడలేదు. కీపర్ రెండు మంచి బంతులు ఆపాడు. నా గుండె కుదుటపడింది, ముసలాయన అనవసరంగా భయపెట్టాడని కోపం కూడా వచ్చింది. రెండో సగంలో కార్నర్ నుంచి బంతి వచ్చింది. కీపర్ ఎగిరాడు, మా డిఫెండర్ భుజం అతని దవడకి తగిలింది. గట్టి దెబ్బేమీ కాదు. కిందపడి వెంటనే లేచాడు. లేచి, మైదానం వైపు కాకుండా తన గోల్ వైపు తిరిగి నిలబడ్డాడు. చేతులు చాచి, ఒళ్ళు వంచి, సిద్ధంగా, ఖాళీ వలకి ఎదురుగా. వల వెనక నుంచి బంతి వస్తుందని అతను ఎదురుచూస్తున్నాడు. అసలు బంతి అతని వీపు పక్కనుంచి లోపలికి దొర్లింది. జనం నవ్వారు. నా వెనక కూర్చున్నతను చప్పట్లు కూడా కొట్టాడు. ఆ నవ్వు ఇంకా పూర్తిగా ఆగకముందే అతను మోకాళ్ళ మీద కూలాడు, తర్వాత మొహం మీద పడ్డాడు. గోడ దగ్గర తువ్వాళ్ళన్నీ తడిగడ్డి మీద పడి ఉన్నాయి. డాక్టరు కంటే ముందు అతని దగ్గరికి చేరింది ఆయన.

బతికాడు. ఎలా బతుకుతున్నాడంటే, టౌరంగాలో వాళ్ళ నాన్న ఇంట్లో, పగలు కూడా కర్టెన్లు వేసిన గదిలో. కళ్ళకి వెలుతురు పడదు. మాట తడబడుతుంది. కూతురు గట్టిగా నవ్వినా తలనొప్పి వస్తుందట. క్లబ్ అట్టడుగున ముగిసింది, స్పాన్సరు వెళ్ళిపోయాడు, మరుసటేడు తలుపులు మూశారు. నాకు మాత్రం అంతకుముందే రెసిడెన్స్ వచ్చేసింది. ఆ ఉత్తరం వచ్చిన రోజు ఫ్లాట్‌లో స్నేహితులు కేకు కోయించారు.

ఆట జరిగిన మర్నాడు, సోమవారం పొద్దున, అందరికంటే ముందు ఆఫీసుకి వెళ్ళాను. చెప్పడానికి కాదు. సొరుగు తెరిచి, జెర్సీని కవరులోంచి తీసి, డ్రెస్సింగ్ రూములో ఉతికే బుట్ట అడుగున కుక్కాను. ఉతికేస్తే ఇక అది అన్ని జెర్సీల్లాంటి జెర్సీయే. ఆయన ఉతికిన బట్టలో ఏ మరకా మిగలదని నాకంటే బాగా ఎవరికి తెలుసు?

బుధవారం క్లబ్ తరఫున ఒక లాయరు వచ్చింది. అబ్బాయికి బాగా లేదని ముందే ఎవరికైనా తెలుసా అని ఒక్కొక్కర్నీ పిలిచి అడిగింది. నన్ను అడిగితే తెలియదన్నాను. బట్టలు ఉతికే ఆయనను పిలిచారు. ఆయనకు ఇంగ్లీషు సరిగా రాదు కాబట్టి, నువ్వే ఇంగ్లీషులో చెప్పమని నన్ను పక్కన కూర్చోబెట్టారు.

బట్టల మీద తేడా ఏమైనా కనిపించిందా అని లాయరు అడిగింది. నేను తెలుగులో అడిగాను.

ఆయన లాయరు వైపు చూడలేదు. నా వైపు చూశాడు. కోపం లేదు, బతిమాలడం లేదు. ‘‘నేను చెప్పేది బేస్తారం నాడే నీకు చెప్పిన. ఇప్పుడు నీకు ఏం చెప్పబుద్ధయితే గది చెప్పు బిడ్డా’’ అన్నాడు.

లాయరు పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది. ‘ఆయనకేమీ కనిపించలేదట’ అని ఇంగ్లీషులో చెప్పాను. నథింగ్ అన్న మాట ఆయనకు తెలుసు. గల్ఫ్‌లో, ఇక్కడ, ఎన్నో ఏళ్ళుగా విన్న మాట. తల వంచి, మోకాళ్ళ మీద పెట్టుకున్న తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆ ఒక్క మాట తప్పని ఆయన అప్పుడే అనొచ్చు. అనలేదు. నాయినకిచ్చిన మాట ఆ అబ్బాయి కోసం ఒకసారి తప్పాడు. ఇప్పుడు నా గుట్టు దాచడానికి మళ్ళీ నిలబెట్టుకున్నాడు.

శుక్రవారం నేను వచ్చేసరికి ఆ జెర్సీ నా టేబుల్ మీద ఉంది. ఉతికి, ఇస్త్రీ చేసి, మూలకి మూల కలిపి మడతపెట్టి ఉంది. పొరపాటున ఇక్కడ పెట్టాడేమో, కీపర్ అరలో పెట్టాలి కదా అనుకుంటూ ఎత్తాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఎండ వాసన తప్ప ఏమీ లేదు. కాలర్ తిప్పాను. మూడు చుక్కలు, నిలువు గీత ఉండాల్సిన చోట దారం విప్పేసిన సూది బెజ్జాలున్నాయి. వాటి పక్కన కొత్త తెల్లదారంతో నా గుర్తు, రెండు చుక్కలు, కింద అడ్డగీత కుట్టి ఉన్నాయి.

బండి చప్పుడు వినిపించింది. గుమ్మం ముందు ఆగింది.

‘‘తిన్నవా బిడ్డా?’’ అన్నాడు, రోజూ అడిగినట్టే.

తిన్నానని చెప్పాను. తలూపి, బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.